గులాబీల పళ్లెం

నాన్నా,

ఆ ఫ్రెంచి పింగాణీ పళ్లాల్లో అమ్మను ఒక్క పూటైనా ఎందుకు తిననివ్వలేదు? నువ్వు పోయి ఆరేళ్లయినా ఈ ప్రశ్న నన్ను వదలలేదు.

తెల్లదొరలు ఈ దీవి వదిలి వెళ్లిపోతూ అమ్మేసిన సామాన్లలో వెతికి తెచ్చావు. రెండు వందల ఏళ్ల నాటివని, పులుపు తగిలితే బంగారు అంచు పోతుందని, మన జంగ్లీఘాట్ ఇంట్లో బీరువాకి తాళం వేశావు.

అమ్మకిప్పుడు నేనెవరో తెలియదు. మూడు రోజులుగా మెతుకు ముట్టలేదు. ఏం చెయ్యాలో తోచక ఇవాళ గులాబీల పళ్లెం తీసి చేపల పులుసన్నం పెట్టాను. గుమ్మం వైపు దొంగచూపులు చూస్తూ మొత్తం తినేసింది.

"దీదీ, జల్దీ కడిగెట్టీ. మా ఆయన సూత్తే సంపేత్తాడు!" అని నన్నెవరో అక్కననుకుని నవ్వింది.

నువ్వింక రావని చెబితే ఆ దొంగచాటు సరదా పోయి రేపు ఈమాత్రమూ తినదేమో. చెప్పకపోతే నీకు భయపడుతూనే బతుకుతుంది. ఏది చెయ్యాలో తేల్చుకోలేకపోతున్నాను.