పాప కోసం దాచుకున్న నంబర్లు

సైదాబాద్ రామ్‌చందర్ అన్నకు,

మొఘల్‌పురా నుంచి శ్రీహిత అమ్మను రాస్తున్నాను. తలసీమియా ఉన్న మా పాపకు మీరు రెండుసార్లు రక్తం ఇచ్చారు. ఫోన్ చేద్దామంటే ఇప్పుడు మీ నంబరు నా దగ్గర లేదు.

నా ఫోన్‌లోని నంబర్లన్నీ మా ఆయన మెయిల్ అకౌంట్‌లో ఉండేవి. నేను ఎవరి పేరు రాసుకున్నా ఆయన ఫోన్‌లోనూ కనిపించేది. పోయిన నెల ఆయన మీకు ఫోన్ చేసి, "నా భార్యతోని నీకేం పని?" అని లొల్లి చేసిన సంగతి నాకు తర్వాత తెలిసింది. క్షమించండన్నా.

ఇంకెవరికీ అలా జరగొద్దని నేనొక కొత్త అకౌంట్ తెరిచి, నంబర్లు అందులోకి మార్చాననుకుని, పాతదాంట్లోవి చెరిపేశాను. చూస్తే కొత్తదాంట్లో ఒక్క పేరూ లేదు. రక్తమిచ్చే పదకొండు మంది నంబర్లూ పోయాయి. ఆయన పాస్‌వర్డ్ ఉంటే తిరిగి వస్తాయని సెల్ షాపతను చెప్పాడు. అడిగితే ఆయన, "పోతే పోయినయ్, మంచిగైంది" అన్నాడు.

ఈ పద్దెనిమిదిన పాపకు రక్తం ఎక్కించాలి. బి నెగటివ్ నిల్వ లేదని ఆస్పత్రిలో అంటున్నారు. నిన్న మీ గల్లీ దాకా వచ్చి, మొహం చెల్లక తిరిగి వెళ్లాను.

మీకు వీలు కాకపోతే, మీతో రక్తమివ్వడానికి వచ్చిన వాళ్ల నంబర్లైనా చెప్పండి. నా నంబరు ఈ కాగితం వెనక రాశాను. ఆయన పక్కనే ఉన్నా సరే, ఫోన్ నేనే ఎత్తి మాట్లాడతాను.

మీ చెల్లెలు