కోపం లేని దెబ్బ

3 సెప్టెంబరు 1968, మంగళవారం

మేనేజరు నరసింగరావు గారు ఇవాళ పదిహేడు బాల్స్ కొట్టారు. పదకొండు తుప్పల్లోకి పోయాయి. వెతికింది నేను. గని వెనక బీడులో ఆయన గోల్ఫు గ్రౌండు వేయించుకుని మూడేళ్లయింది. ఆరు గుంతలు. గుంతల చుట్టూ గడ్డి బతకదు, నూనె కలిపిన ఇసుక పరిచాం. దాన్ని చదును చెయ్యడం, కర్రల సంచి మొయ్యడం నా డ్యూటీ. డిసెంబరులో వాల్తేరులో ఆయనకు మ్యాచి. ఇలా ఆడితే నవ్వుతారు.

చేతులతో కొడతాడు మనిషి. మిగతా ఒళ్లంతా పక్కన నిలబడి చూస్తూ ఉంటుంది. ఉండబట్టలేక చెప్పేశాను. పన్నెండేళ్లు సమ్మెటతో రాయి పగలగొట్టినవాణ్ణి, దెబ్బ మడమలోంచి లేవాలి దొరా అన్నాను. తిడతాడనుకున్నాను. అయితే నువ్వే నేర్పు సూరయ్యా అన్నారు.

5 సెప్టెంబరు

నా కూతురు నీలవేణి చీపురుపల్లి నుంచి నడిచి వచ్చింది. పై పన్ను ఒకటి లేదు. గుమ్మం తగిలినాది అయ్యా అంది. గుమ్మానికి వేళ్లుంటాయా? మెడ మీద నాలుగూ అచ్చుపడి ఉన్నాయి. అల్లుడు కూర్మయ్య లారీ స్టీరింగు తిప్పే చెయ్యి అది.

అన్నం తినలేదు. నేనూ తినలేదు.

8 సెప్టెంబరు, ఆదివారం

ఆదివారాలు ప్రార్థన పాకలో వాక్యం చెప్పేది నేనే. ఇవాళ మోషే గురించి చెప్పాను. నీళ్ల కోసం దేవుడు బండతో మాట్లాడమన్నాడు. మోషే కోపంతో కర్రెత్తి రెండుసార్లు కొట్టాడు. నీళ్లయితే వచ్చాయి గానీ, ఆయన కాలు మాత్రం దేవుడు ఇస్తానన్న మంచి దేశంలో పడలేదు. గొంతు పోయేలా చెప్పాను. బల్ల గుద్దితే గ్లాసు కిందపడి పగిలింది. అంతా ఆమేన్ అన్నారు.

ఎవరికి చెప్పానో నాకు తెలుసు. విశ్వాసంలోకి రాకముందు నా భార్య జగ్గమ్మను కొట్టేవాణ్ణి. తాగి కాదు, తాగకుండానే. నీలవేణికి అప్పుడు ఆరేళ్లు. మూల కూర్చుని రెండు చేతులతో తల కప్పుకునేది. జగ్గమ్మ చనిపోయిన ఏడాదే బాప్తిస్మం తీసుకున్నాను. మనిషి మీద చెయ్యెత్తనని నీళ్లలో నిలబడి ఒట్టు వేశాను. దేవుడికి చూపించడానికి నా దగ్గరున్నది అదొక్కటే.

11 సెప్టెంబరు

దొరకు మొదట కాళ్లు నేర్పాను. భుజాలంత ఎడం. మోకాళ్లు కొంచెం వంచు. గ్రిప్ బైబిలు పట్టుకున్నట్టు ఉండాలి, జారి పడకూడదు, పేజీ నలగకూడదు. వెనక్కి తిరిగేటప్పుడు వీపంతా తిరగాలి. కిందికి వచ్చేటప్పుడు ముందు ఎడమ తుంటి కదలాలి, తర్వాత భుజం, చేతులు అన్నిటికన్నా ఆఖరున. తల మాత్రం చివరిదాకా మేకు కొట్టినట్టు ఉండాలి.

ముప్పై బాల్స్. నాలుగు తిన్నగా పోయాయి. దొర చిన్నపిల్లాడిలా గెంతారు.

15 సెప్టెంబరు, ఆదివారం

ప్రార్థన మధ్యలో కూర్మయ్య వచ్చాడు. చెప్పులు విప్పలేదు. ఏటి మావా, ఊరందరికీ బుద్ది సెప్తన్నావు, నీ కూతురికి సెప్పడం మర్సిపోనావేటి అన్నాడు. ఒకడు నవ్వాడు కూడా. నీలవేణి ఆడవాళ్ల వెనక దాక్కుంది. అది నడిస్తే సరి, లేపోతే ఈడ్సుకెల్తాను, నీ యేసు అడ్డం వస్తాడేటో సూస్తాను అన్నాడు. ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు. వాడు వెళ్లిపోయాడు.

నా చేతులు వీపు వెనక పెట్టుకున్నాను. గోళ్లు దిగి రక్తం వచ్చింది.

19 సెప్టెంబరు, సాయంత్రం 5

దొర రాలేదు. సంచిలోంచి ఐరన్ కర్ర తీసుకుని ఒక్కణ్ణే కొట్టాను. ప్రతి బాల్ మీదా కూర్మయ్య మొహం పెట్టుకున్నాను. ఒక్కటీ తిన్నగా పోలేదు. కోపం చేతుల్లోకి ముందే వచ్చేస్తోంది, తుంటి వెనకబడిపోతోంది. కూర్చుని ప్రార్థన చేశాను. లేచి కొట్టాను. తిన్నగా లేచి ఎక్కడో ఆకాశంలో కలిసిపోయింది.

అప్పుడు అర్థమైంది. మోషే తప్పు కొట్టడం కాదు. కోపంగా కొట్టడం. రెండుసార్లు కొట్టడం. ఇన్నేళ్లూ వాక్యం సగమే చదివాను.

22 సెప్టెంబరు, ఆదివారం

మూడు రోజులుగా కోపం తియ్యమని ఉపవాసం ఉన్నాను, దేవుడు తీశాడు.

24 సెప్టెంబరు

నీలవేణి గ్రౌండుకి నాకు అంబలి తెచ్చింది. కూర్మయ్య వెనకే వచ్చాడు. జుట్టు పట్టుకున్నాడు. ముంత పగిలింది. నడవే ఒసే, ఈయేల నిన్ను సంపీసి నాను జైలుకెల్తాను అంటూ ఇసుక మీద ఈడ్చుకుపోతున్నాడు. ఒగ్గీయ్ బాబూ అన్నాను. నిజంగా బాబూ అనే అన్నాను. పోరా కర్రలు మోసీ ముసిలోడా అన్నాడు.

ఐరన్ కర్ర చేతిలోనే ఉంది. కాళ్లు ఎడం పెట్టాను. మోకాళ్లు వంచాను. గ్రిప్ వదులుగా ఉంది. వీపు తిరిగింది, తుంటి కదిలింది, చేతులు ఆఖరున వచ్చాయి. తల కదల్లేదు. వాడి మోకాలి చిప్ప శబ్దం ఎండు కొబ్బరికాయ శబ్దం. ఎముక తెల్లగా బయటికి వచ్చింది.

ఒక్కసారే కొట్టాను. కోపం రవ్వంత లేదు. మనసు చెరువు నీళ్లలా ఉంది. జన్మలో అంత శుద్ధంగా ఎప్పుడూ కొట్టలేదు.

దొర దూరం నుంచి చూశారట. పరుగెత్తుకొచ్చి, ఎడమ మడమ లేచిందా సూరయ్యా అని అడిగారు. తర్వాత ఆయనకే సిగ్గు వేసి జీపు తెప్పించారు.

30 సెప్టెంబరు

విజయనగరం ఆసుపత్రిలో కూర్మయ్య కాలు తీసేశారు. గని గుంతలో పడ్డానని పోలీసులకు చెప్పాడట. మామ కొట్టాడని చెప్పుకోలేడు. ఇక నీలవేణి జోలికి రాడు.

సంతోషించాలి. మడమ నుంచి ఆ దెబ్బ మళ్లీ మళ్లీ లేస్తోంది. అందులో కోపం కోసం వెతుకుతున్నాను. ఉంటే బాగుండును. పశ్చాత్తాపపడడానికి ఏదో ఒకటి దొరికేది.

6 అక్టోబరు, ఆదివారం

చివర ఆశీర్వాదం ఇవ్వడానికి రెండు చేతులూ పైకెత్తాను. ముందు వరసలో నీలవేణి రెండు చేతులతో తల కప్పుకుంది.