రెండు వందలకి ఒకటి తక్కువ

నవంబర్ 6

స్టానెక్ ఇవాళ కూడా గెలిచాడు. కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్‌లో హెడ్ కోచ్‌గా నూట తొంభై తొమ్మిది గెలుపులు. ఈ సీజన్‌తో రిటైరవుతున్నాడు. మిగిలింది ఒకే ఒక్క మ్యాచ్, అదీ నా టీమ్‌తో. ఇన్నాళ్లకి దొరికాడు.

నవంబర్ 7, ఉదయం

నిద్ర లేస్తూనే ఒళ్లు మండింది. ఆ నూట తొంభై తొమ్మిదిలో నాలుగు నావి. అతను గుండె ఆపరేషన్‌కి వెళ్తే, అసిస్టెంట్‌గా నేను నిలబడి ఆడించాను. నాలుగూ గెలిచాం. హెడ్ కోచ్ ఆస్పత్రి మంచం మీదున్నా గెలుపు అతని రికార్డులోకే పోతుంది. మా దగ్గర ఆనవాయితీ అంతే. పోనీ మైకు ముందు నా పేరైనా చెబుతాడనుకున్నాను. చెప్పలేదు. వెళ్లి అడిగితే, "రూల్ రూలేరా అబ్బాయ్," అన్నాడు. మరుసటి ఏడాది నన్ను ఉద్యోగంలోంచి పీకేశాడు.

ఇప్పుడు నేనూ హెడ్ కోచ్‌నే, నెబ్రాస్కాలో ఓ మూల కాలేజీకి. గెలిచినవి పదకొండు. ఓడినవి ఇక్కడ రాయను.

నవంబర్ 9

స్టానెక్ కాలేజీలో బంగారు రంగు బ్యానర్ తయారైందట. రెండు వందల అంకె ఆకారంలో కేకు కూడా చెప్పారట. నా భార్య మార్లిస్ ఈ కబురు చెప్పి, పోనిద్దూ, ముసలాయన అంది. నాకు తిక్క రేగింది. బీన్సూ మాంసం ఉడికించిన చిల్లీ గిన్నె, తీపి సినమన్ రోల్ అక్కడే వదిలేసి లేచిపోయాను. తర్వాత ఆకలేసి వచ్చి తిన్నాను.

నవంబర్ 12

వాడికి రెండు వందలు రానివ్వను. నేను బతికుండగా రానివ్వను.

నవంబర్ 13

గెలిచాం.

చివరి నిమిషంలో మేం నాలుగు పాయింట్లు ముందున్నాం. బంతి వాళ్ల చేతిలో ఉంది, మా గోల్ గీతకి రెండు గజాల దూరంలో. దాంతో గీత దాటారంటే ఆరు పాయింట్లు, గెలుపు వాళ్లదే. గీత దాకా వచ్చాడంటే స్టానెక్ ఎప్పుడూ బంతిని ఎడమవైపే పంపుతాడు. ఎడమవైపు కాయండిరా అని గొంతు చించుకుంటున్నాను. నా అసిస్టెంట్ లొవెల్ భుజం పట్టుకుని ఆపాడు.

"అది మీకు తెలుసని ఆయనకీ తెలుసు కోచ్. కుడివైపు కాయించండి."

కాయించాను. కుడివైపే వచ్చారు. బంతి పట్టుకున్నవాణ్ని గీత ముందే పడేశాం.

ఆట అయ్యాక హెడ్ కోచ్‌లిద్దరూ మైదానం మధ్యలో చేతులు కలపాలి. ఇన్నేళ్లు దాచుకున్న మాట అక్కడే కక్కేశాను.

"నా నాలుగూ తీసేస్తే మీవి నూట తొంభై అయిదే."

"లెక్క నాకూ తెలుసురా," అన్నాడు.

కళ్లు తుడుచుకుంటూ వెళ్లాడు. నాకు కడుపు నిండిపోయింది. పేపర్ల వాళ్లు చుట్టుముట్టి, ఆ చివరి ఎత్తు ఎవరిదని అడిగారు. నాదే అన్నాను.

నవంబర్ 14

కేకు ఎవరూ కోయలేదట. హాయిగా నిద్రపట్టింది.

సెప్టెంబర్ 4, ఆస్పత్రి

అపెండిక్స్ తీసేశారు. నిన్న కొత్త సీజన్ మొదటి మ్యాచ్ లొవెల్ ఆడించాడు. గెలిచాడు. కాలేజీ ఆఫీసు నుంచి ఫోన్ చేసి, గెలుపు మీ పేరునే రాస్తున్నాం, అభ్యంతరం లేదుగా అన్నారు. రూల్ రూలే కదా అన్నాను.

నావి ఇప్పుడు పదమూడు. లొవెల్ ఇంకా ఏమీ అడగలేదు.