డ్రమ్ము మీద గుంటలు

బావా,

మీరూ అక్కా కులాసాగా ఉన్నారనుకుంటాను. ఎదురుగా అడిగితే మాట మార్చేస్తారని ఇలా రాస్తున్నాను.

మన బ్యాండు గది తాళంచెవి మీ దగ్గరొకటి, నా దగ్గరొకటి. నిన్న తలుపు తీసి చూస్తే నా డ్రమ్ము పొర మీద సన్నటి గుంటలున్నాయి. ఫోను చేస్తే "ఎలుకలేరా బామ్మర్దీ, మందు పెట్టిస్తాలే" అన్నారు. ఎలుక కొరికితే చిరుగుతుంది గాని గుంట పడుతుందా?

నా స్టిక్కుల కొన గోళీలా గుండ్రంగా ఉంటుంది. వాల్చి కొడతాను కాబట్టి పొర మీద మచ్చ పడుతుందే తప్ప గుంట పడదు. ఇవి కోసుగా ఉన్న కొనతో పడ్డ గుంటలు. అలాంటి స్టిక్కును నిలబెట్టి కొడితే మోత పదునుగా వస్తుంది, పొర మాత్రం తొందరగా పాడవుతుంది. పోయిన వారం "మన పాటల్లో దెబ్బ ఇంకా పదునుగా వినపడాలి" అన్నది మీరే కదా?

అక్కనడిగితే "నాకేం తెలీదురా, భోంచేశావా?" అంది. నేనడిగింది భోజనం సంగతి కాదు.

ఇంకొకటి. నా మచ్చలు పొరంతా చెదిరి ఉన్నాయి. ఆ గుంటలన్నీ నడిమధ్యన, అరచేయంత చోటులోనే ఉన్నాయి. ఎవరో గాని చెయ్యి తిరిగినవాడే. అది చూశాక నాకు కోపం కూడా సరిగ్గా రాలేదు.

శనివారం కచేరీకి కొత్త పొర నేనే తెచ్చి బిగిస్తాను. దాని మీద మొదటి దెబ్బ ఎవరు కొడతారో మీరు చెప్పండి. ఎలుక అని మాత్రం అనకండి.

ఇంకా మీ డ్రమ్మరునే అనుకుంటున్న
మీ బామ్మర్ది