దీపం పక్కన సింహాచలం తాత

ఆగస్టు 4
వంట అయింది. మా ఆయన ప్లాంటులో డ్యూటీకి వెళ్లారు. కంప్యూటర్ ముందు కూర్చున్నాను — రమణ గృహప్రవేశం ఫ్లెక్సీ. సాలూరు లారీ నడుపుతూ ఊళ్లు తిరిగి తిరిగి మొత్తానికి మన పక్క పల్లెలో ఇల్లు కట్టుకున్నాడు.
ఇన్నాళ్లూ ప్రింటింగ్ షాపు ఇచ్చిన పనులే చేశాను. ఇది నేరుగా నాకే వచ్చింది. అడుగున షాపు పేరు ఉండే చోట ఈసారి నా పేరు, నా ఫోన్ నంబరు. పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. ఉండనీ.

ఆగస్టు 5
ఫోటోలు వచ్చాయి. రమణ, భార్య, పిల్లలు. వాళ్ల అమ్మానాన్నలవి మాత్రం గోడ మీది ఫ్రేములను ఫోన్‌తో తీసి పంపాడు. రెండింటికీ దండలు. అద్దం మీద ట్యూబులైటు మెరుపు తుడవడానికే ఒక పూట పట్టింది.
ఇద్దర్నీ పైన మేఘాల్లో చెరో గుండ్రంలో పెట్టి, నడుమ దీపం వెలిగించాను. 'దివ్యాశీస్సులతో' అని బంగారు రంగు అక్షరాలు. ముసలాయన ముడతలు కాస్త తగ్గించాను. ఎంత బాగా కుదిరాడో!

ఆగస్టు 6
పేర్లు పైకి చదివాను. మా ఆయన చేత ఇంకోసారి చదివించాను. ముహూర్తం క్యాలెండరుతో సరిచూశాను. అప్పుడు రమణకి పంపాను. లోడుతో రాయగడ ఘాటీలో ఉన్నాడట — బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది. సరే అన్నట్టే కదా. ప్రింటుకి పంపి, రోడ్డు పక్కన కట్టే పని కూడా షాపు కుర్రాళ్లకే చెప్పి, ఫైలు 'అయిపోయినవి' ఫోల్డరులో పెట్టాను.

ఆగస్టు 8
సంత నుంచి వస్తూ ఆటో ఆపించి చూశాను. రోడ్డు పక్కన, గాలికి ఊగుతూ... నా పేరు.
"ఎవులిదమ్మా?" అన్నాడు ఆటో అతను.
నాదే అన్నాను.

ఆగస్టు 9
పొద్దున్నే రమణ ఫోన్. "ఏటి సేసినావక్కా! మా నాన్న బతికే ఉన్నాడు!"
దండ ఉంది కదా తమ్ముడూ, అన్నాను.
"అది పాలసంఘం పెసిడెంటుగా గెలిసిన నాడు ఏసిన దండక్కా! మా మేనత్త బస్సులోంచి సూసి, దిగి, రోడ్డు మీదే శోకం ఎత్తుకున్నాది. నాన్నేమో గుమ్మంలో పళ్లు తోముకుంటన్నాడు!"
ఫోటో పెద్దది చేసి చూశాను. తల్లి దండ ఫ్రేముకి వేలాడుతోంది. తండ్రి దండ ఆయన మెడలోనే ఉంది. ఆ మెరుపు తుడుస్తూ అంతసేపు అక్కడే చూశానే... మెడ చూడలేదు.
కింద నా పేరు, నంబరు. ఇక నాకు పని ఎవరిస్తారు?

సాయంత్రం. "నాలుగూళ్లకీ నీ పేరు తెలిసిపోయింది కదే" అని ఈయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. దీపం తీసేశాను, మేఘాలు తీసేశాను. రమణ నాన్న సింహాచలం తాతని కిందికి దించి ఆహ్వానించేవాళ్లలో ముందు నిలబెట్టాను. ఈసారి ముడతల జోలికి పోలేదు. నా పేరు కూడా తీసేశాను.

ఆగస్టు 10
కొత్త ఫ్లెక్సీ పట్టుకుని నేనే వెళ్లాను. సింహాచలం తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు.
"నువ్వేనేటమ్మా, నన్ను పైకి పంపేసినావు?"
తప్పయిపోయింది తాతా...
"ఉండుండు. మా సెల్లికీ నాకూ పొలం గట్టు కాడ తగువై మాటల్లేవు. నిన్న ఏడిసేడిసి, నేను కనపడేసరికి ఈపు మీద ఒక్కటిచ్చింది. మద్దేనం ఈడే తిన్నాది."
కొత్తది విప్పి చూపించాను. చాలాసేపు చూశాడు. "ఆ దాన్లోనే బాగున్నాను. ఇందులో ముసిలోణ్ని సేసేసినావు." వేలు అడుక్కి జరిపాడు. "నీ పేరేదమ్మా?"
పెట్టలేదు తాతా.
"అదేటి? సంపినప్పుడు ఎట్టినావు, బతికించినప్పుడు తీసేస్తావా? ఒరే రమణా, పెన్ను తే!"
రమణ సరుకు బస్తాల మీద గుర్తులు పెట్టే మార్కరు తెచ్చాడు. నేల మీద పరిచి, వంగి, నా చేత్తో రాశాను. వంకరగా వచ్చింది. వాళ్ల మేనత్త కూడా గుమ్మంలోంచి చూస్తోంది.

ఆగస్టు 11
గృహప్రవేశం భోజనం. గుమ్మడికాయ పులుసు బాగుంది.

ఆగస్టు 13
చర్చి పాస్టరమ్మ గారు ఫోన్ చేశారు. తాత ఫ్లెక్సీ చేసింది మీరేనా అంటే, ఇంకో తగువు వచ్చిందనుకున్నాను. కొత్త సంవత్సరం క్యాలెండరు చేసిపెట్టమన్నారు! "సంఘం పెద్దల ఫోటోలు పంపుతాం. అందరూ బతికే ఉన్నారమ్మా, ముందే చెప్తున్నాను."
ఇకనుంచి ఫోటోలు రాగానే మొదట ఆ మాట అడగాలి. కానీ ఎలా అడగడం? 'మీ నాన్నగారు ఉన్నారా' అంటే ఇంట్లో ఉన్నారా అని అడిగినట్టు వినిపించాలి... సాధన చేస్తున్నాను. ఈయన నవ్వుతున్నారు.

ఆగస్టు 17
ఆదివారం. రద్దయిన ఫైళ్లు తీసేసే రోజు. మొదటి ఫ్లెక్సీ దగ్గరికి వచ్చేసరికి ఫోన్ — తాత!
"ఆ పాతది తీసేసినావేటమ్మా?"
ఇప్పుడే తీసేస్తున్నాను తాతా.
"తియ్యకు. దాసి ఉంచు. అందులో మా ఇంటిది పక్కనున్నాది. ఎప్పుడో ఒకప్పుడు కావాలి కదా."
అలా అనకండి అన్నాను. నవ్వి పెట్టేశాడు.
'అయిపోయినవి'లో ఉంచడానికి మనసు రాలేదు. 'రద్దయినవి'లో పెట్టకూడదు. తెరిచి చూశాను — దీపానికి అటు ఆవిడ, ఇటు ఆయన, ముడతలు లేకుండా.
ప్రస్తుతానికి బయటే ఉంచాను, ఏ ఫోల్డరులోనూ పెట్టకుండా.