తోస్తే కదిలే కారుకు బయానా ఇచ్చిన సంగతి

సబ్ ఇన్‌స్పెక్టర్ గారి సముఖమునకు, నల్గొండ జిల్లా ఎర్రగట్టుపల్లి నివాసి, గొర్రెల కాపరి మల్లప్ప, వయసు 58, వ్రాసుకొను అర్జీ.

విషయం: ఫోన్‌లో చూపించి నడవని కారును అంటగట్టిన వ్యక్తిని పట్టుట గురించి, అంతవరకు నా భార్యను దవాఖాన నుండి ఇల్లు చేర్చుట గురించి.

అయ్యా,

1. నా భార్య గుర్వమ్మకు కిడ్నీలు పాడైనందున వారానికి మూడు దినములు నల్గొండలో డయాలసిస్ జరుగుచున్నది. పోవునప్పుడు బస్సులో సీటు దొరుకును. వచ్చునప్పుడు దొరకదు. నాలుగు గంటలు రక్తం కడిగించుకున్న మనిషి కడ్డీ పట్టుకుని నిలబడి వచ్చుచున్నది. ఇది చూడలేక ఇరవై రెండు గొర్రెలను అమ్మి పాత కారు కొనదలచితిని. కోడలు మమతకు డ్రైవింగ్ వచ్చును, లైసెన్సు కలదు.

2. నలభై ఏండ్లుగా నోరు తెరిచి పళ్ళు చూడనిదే, నడుము ఒత్తనిదే, పది అడుగులు నడిపించనిదే నేను పొట్టేలును బేరమాడి ఎరుగను. అంగడిలో నన్ను మోసం చేసినవాడు ఇంకా పుట్టలేదు. అట్టి నేను, పాలమూరు నుండి మాట్లాడుచున్నానని చెప్పిన విజేందర్ అను వ్యక్తి కారును ఫోన్‌లో చూసి ఒప్పుకొంటిని. ఏం రోగమొచ్చిందో నాకు!

3. అయినను పరీక్ష మానలేదు. వీడియోలో "నోరు తెరువు" అంటిని. అతడు బానెట్ ఎత్తెను. లోపల నూనె రాసినట్టు నిగనిగలాడెను. "జర నడిపియ్యి బిడ్డా" అంటిని. కారు వయ్యారంగా పది గజాలు నడిచెను. "సప్పుడు ఇనస్తలేదేంది?" అని అడుగగా, "గదే కాకా దీని గొప్ప, నడిచినట్టే తెల్వది" అనెను. నేను మురిసిపోయి, మమత ఫోన్ నుండి బయానా పంపించితిని.

4. మూడవనాడు కారు లారీ మీద వచ్చెను. డిక్కీ మీది దుమ్ములో నాలుగు అరచేతుల అచ్చులు ఉండెను. వీడియోలో ఇద్దరు వెనుక నుండి తోసినట్లు చిన్నపిల్లకైనా తెలియును. తాళం తిప్పితే దగ్గింది తప్ప కదలలేదు. కాళ్ళ కింద రేకు లేచి మా వాకిలి కనిపించెను. గుర్వమ్మ చూసి, "గిదానికంటె నీ పొట్టేలు మీద కూసున్నా నల్గొండ చేరుతుంటి" అనెను.

5. ఇక్కడ తమకు సందేహము కలుగును. తమ ఠాణా రైటరు గారికి కలిగినది కూడా. "కండ్లతోని చూసినంక మిగతా పైసలెందుకిచ్చినవయ్యా?" అని అడిగిరి. అయ్యా, బయానా ఇచ్చితిని కదా! అంగడిలో బయానా చేతులు మారినాక గొర్రె అక్కడే చచ్చినా కొన్నవాడిదే. మాట తప్పినవాడికి మళ్ళీ ఎవడూ గొర్రెపిల్లను కూడా చూపడు. మా నాయిన గట్లనే బతికిండు, నేను గట్లనే బతికిన. లారీ డ్రైవరు నా ముఖం చూసి, "వద్దంటే వాపస్ తీస్కపోత కాకా" అని రెండుసార్లు అడిగెను. నేనే బలవంతంగా మిగతా సొమ్ము అతని చేతిలో పెట్టితిని. ఇప్పుడు విజేందర్‌కు ఫోన్ చేస్తే, "చూసే తీస్కున్నవు గద" అని పెట్టేసినాడు.

6. మెకానిక్ ఎల్లేష్ కారు చుట్టూ ఒకసారి తిరిగి, చాయ్ తాగి, పనిముట్ల సంచి విప్పకనే వెళ్ళిపోయెను.

కావున సదరు విజేందర్‌ను పట్టి నా గొర్రెల సొమ్ము ఇప్పించ ప్రార్థన. అంతవరకు ఒక చిన్న మనవి. తమ జీపు సోమ, బుధ, శుక్రవారాలలో మధ్యాహ్నం నల్గొండ నుండి మా ఊరి మీదుగా తిరిగి వచ్చుచున్నది. వెనుక సీటు ఖాళీ. ఈసారి ఫోన్‌లో చూడలేదు. స్వయంగా వచ్చి టైర్లు నొక్కి, సీటు ఒత్తి చూసితిని. సెంట్రీ గారు కసిరినారు గాని జీపు మంచిది. అందులో నా భార్యకు చోటు ఇప్పించి, మా మొర చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయుడు,
మల్లప్ప

తా.క.: సార్, గిదంత చదివి వినిపిస్తే గుర్వమ్మ ఒప్పుకోలే. "పోలీసు జీపుల కూసుంటె ఊరంత నన్ను దొంగదనుకుంటది" అన్నది. మొన్న శుక్రవారం బస్సుల నిలబడ్డకాడనే పడిపోయింది సార్. నేనే ఎత్తుకొని దించిన. చేతులతోని తూకం చెప్పెటోణ్ణి నేను. ఏడాది పొట్టేలంత కూడ లేదు మనిషి. గా మాట ఆమెకు చెప్పలే, ఊకె ఏడుస్తున్న. నేనేడ్చుడు చూసి గుర్వమ్మ, "అనుకుంటె అనుకోనీ తియ్యి, కూసోనైతే కూసుంట" అన్నది.