వంతెన కాలనివ్వు

బుజ్జీ,

నైట్ డ్యూటీకి వెళ్తున్నా. కూర ఫ్రిజ్‌లో ఉంది, నువ్వూ నీ స్నేహితులూ వేడి చేసుకుని తినండి. ఆట అయ్యాక పాచికలు ఏరిపెట్టు, కాళ్ళకి గుచ్చుకుంటున్నాయి.

పోయినసారి ఆటలో మాకు తలా ఒక పాత్ర ఇచ్చి, నువ్వు కథ చదువుతూనే ఉన్నావు, మేం బొమ్మల్లా కూర్చున్నాం. నా పాత్ర, ఆ దొంగపిల్ల, వంతెన కాల్చేస్తుందంటే "కథలో అలా లేదు వదినా" అన్నావు. కాలనివ్వు నాయనా. ఆట నడిపేవాడు అడగాల్సింది ఒక్కటే, "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని. ఇంట్లో, ఆస్పత్రిలో అందరూ నాకు పనులు చెప్పేవాళ్ళే. ఆ మాట నువ్వైనా అడుగుతావనే నిద్ర మానుకుని నీ బల్ల దగ్గర కూర్చుంటున్నా.

వదిన

ఇవాళ నేను లేనని నా దొంగపిల్లని చంపెయ్యకు. కథలో ఏదో ఒక పడవ తెచ్చి అందులో పడుకోబెట్టు. మా ఇద్దరిలో అదైనా కంటినిండా నిద్రపోతుంది.